కుళ్ళాయి ఎవరి నెత్తిన?

లేపాక్షికి వెళ్లేవాళ్లలో చాలామంది నేలకు ఆనని స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తారు, ఏకశిలా నంది ముందు ఫొటో దిగుతారు, వెనక్కి వచ్చేస్తారు. మెడ నొప్పెట్టేదాకా పైకప్పు చూసేవాళ్లు తక్కువ. ఆ తక్కువమందిలో బట్టల చరిత్ర వెతికేవాళ్లు ఉంటారు. నాలుగున్నర శతాబ్దాలు దాటిన విజయనగరపు చీర, అంగరఖా కావాలంటే ఏ పెట్టె తెరిచినా దొరకవు. నూలూ పట్టూ మన వాతావరణంలో అంతకాలం నిలవవు. బొమ్మల్లోని బట్టలే మిగిలాయి.

లేపాక్షిలో కూర్మశైలం అనే గుట్ట మీది వీరభద్రాలయాన్ని అచ్యుతదేవరాయల కాలంలో, 1530 ప్రాంతంలో, పెనుకొండ అధికారి విరూపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ కట్టించారు. నాట్యమండపం, అర్ధమండపం పైకప్పుల నిండా కథలే: ద్రౌపది స్వయంవరం, కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం, మనునీతి చోళుడు. రాతికి గార పూసి, ఎర్రమట్టి, పసుపుమట్టి, మసి, సున్నం వంటి రంగులతో వేశారు. నీలం దాదాపు కనిపించదు. ముఖాలు చాలావరకు పక్కకు తిరిగి ఉంటాయి, ప్రతి ఆకారం చుట్టూ నల్లగీత ఉంటుంది. బట్టలు చదివేవాళ్లకు ఆ నల్లగీతే పెద్ద దిక్కు. రంగు వెలిసిపోయినా రవిక చేయి ఎక్కడ ఆగిందో, నడికట్టు కొస ఎటు వేలాడిందో గీత చెప్పేస్తుంది.

అందరికంటే ముందు చూడాల్సింది విరూపణ్ణ సోదరుల బొమ్మ. పరివారంతో వచ్చి విభూతి అందుకుంటున్నారు. తలల మీద పొడవాటి కుళ్ళాయిలు. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి లోహ విగ్రహాలను చూసినవాళ్లు ఆ టోపీని ఇట్టే గుర్తుపడతారు. అక్కడ రాయల ఒంటి మీద పంచె, పైన ఆచ్ఛాదన లేదు, నెత్తిన మాత్రం కుళ్ళాయి ఉంది. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఇదే రాజును వర్ణిస్తూ తెల్లటి దుస్తుల మీద బంగారు గులాబీల పని, తలపై జరీ టోపీ, చెప్పుల్లేని కాళ్లు అని రాసుకున్నాడు. చిత్రం, లోహం, రాతప్రతి మూడూ ఒకే టోపీని చూపించినప్పుడు పరిశోధకుడికి ధైర్యం వస్తుంది. ఒక్కదాన్నే పట్టుకుంటే చిత్రకారుడి అలవాటును రాజుగారి అలవాటుగా పొరబడే ప్రమాదం ఉంది.

కుళ్ళాయి, దానితోపాటు వేసుకునే పొడుగు అంగీ కబాయి పశ్చిమాసియా, సుల్తానుల దర్బారుల నుంచి వచ్చాయి. 1996లో ఫిలిప్ వాగనర్ అనే చరిత్రకారుడు రాసిన వ్యాసం ఈ దుస్తులనే ఆధారంగా చేసుకుంది. అంతకుముందు విజయనగరాన్ని కేవలం మతాన్ని కాపాడే కోటగా చూసే ధోరణి బలంగా ఉండేది. కొలువులో తాము ఎవరికీ తీసిపోమని చాటడానికి రాయలు, నాయకులు నాటి దర్బారు దుస్తులే తొడిగారని ఆయన వాదన. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అది కొలువు యూనిఫాం. ఒక టోపీ రాజకీయ చరిత్ర పుటనే తిరగరాయించిందంటే అది చిన్న సంగతి కాదు.

ఇలాంటి వెతుకులాట ఎక్కడైనా ఒకటే. అమెరికాలో 1869లో బాహాటంగా జీతాలిచ్చి ఆడించిన తొలి బేస్‌బాల్ జట్టు సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్. దాని ఫొటోలున్నాయి కానీ నలుపు తెలుపులో ఉన్నాయి. మేజోళ్ల ఎరుపును జట్టు పేరూ అప్పటి పత్రికలూ చెప్పాలి. తర్వాతి శతాబ్దపు జట్ల దుస్తుల కోసం మార్క్ ఒకోనెన్ పాత పత్రికలు తిరగేసి బొమ్మలు గీసి, 1991లో పుస్తకంగా తెచ్చాడు. లేపాక్షి సమస్య దానికి తలకిందులు. ఇక్కడ రంగుంది, బట్ట స్వభావం తెలియదు.

ఆ లోటు ఎక్కువగా కనిపించేది స్త్రీల చీరల దగ్గరే. గళ్లు, చారలు, పువ్వులు, హంసలు... పక్కపక్కనే నిలబడ్డ ఇద్దరి చీరలు ఒకేలా ఉండటం అరుదు. కానీ చాలా చోట్ల చిత్రకారుడు కుచ్చిళ్లను పట్టించుకోకుండా నమూనాను పరిచిన దుప్పటిలా గీసేశాడు. నమూనా చదవడానికి ఇది ఎంతో సుఖం. కట్టు ఎలా తిరిగిందో తేల్చడానికి మాత్రం కష్టం. పైగా ఆ పువ్వు నేతలో పడిందా, కలంకారీలో రాశారా, ముడికట్టి అద్దారా? 2019లో అన్నా దల్లాపికోలా, జార్జ్ మిషెల్‌లతో కలిసి లేపాక్షి మీద పుస్తకం తెచ్చిన బ్రిగిట్టె ఖాన్ మజ్లిస్ వస్త్ర నిపుణురాలు. గుడి బొమ్మలను చదవడానికి బట్టలు తెలిసినవాళ్లు కావలసి రావడం ముచ్చటైన విషయమే.

ద్రౌపదికీ పార్వతికీ పదహారో శతాబ్దపు చీరలు కట్టడాన్ని తప్పుబట్టేవాళ్లున్నారు. నిజానికి అదే మన అదృష్టం. పురాణకాలపు బట్టలు ఊహించి గీసి ఉంటే మనకు మిగిలేది ఊహే. ఇక్కడ పాటించాల్సిన జాగ్రత్త ఒకటుంది. దేవుళ్లకూ పురాణపు రాజులకూ కిరీటం పెడతారు, తమ కాలపు మనుషులకు కుళ్ళాయి. అందుకే కిరీటాన్ని బట్టి నాటి ఫ్యాషన్ నిర్ణయించకూడదు, పక్కన నిలబడ్డ పరివారాన్ని చూడాలి.

ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే ఈ సీమలో నేత ఆగలేదు. ధర్మవరం పట్టుచీరల అంచుల్లో కొన్ని నమూనాలకు మూలం లేపాక్షి లతామండపం స్తంభాలేనని అక్కడివాళ్లు చెబుతారు. అదే ప్రాంతంలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మల్లోనూ పక్కకు తిరిగిన ముఖాలు, నిండా అలంకరించిన బట్టలు కనిపిస్తాయి. సినిమాకో నాటకానికో కబాయి కుట్టించాలనుకునే వాళ్లకు లేపాక్షి పైకప్పు మెడ కత్తిరింపు, చేతుల పొడవు, నడికట్టు ఎత్తు ఇస్తుంది. దారం ఎంత సన్ననిదో, బట్ట పన్నా ఎంతో ఇవ్వదు. వాటికి మగ్గం ముందు కూర్చున్న మనిషినే అడగాలి.