బేతాళుణ్ణి మోసిన కుంచె

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన మాకు బడిలో హిందీ, ఇంట్లో తెలుగు. తెలుగు అక్షరాలు కూడబలుక్కోకముందే మాకు కథ చెప్పినవి చందమామ పత్రికలోని బొమ్మలు.

విక్రమార్కుడి బొమ్మ గుర్తుందా? చేతిలో దూసిన కత్తి, భుజాన బేతాళుడున్న శవం, ముందుకు వేసిన అడుగు. ఆ ఒక్క అడుగులోనే పట్టు విడవని రాజు కనిపిస్తాడు. దాన్ని గీసిన శంకర్ అసలు పేరు కె.సి. శివశంకరన్. 1950ల తొలినాళ్ళలో చందమామలో చేరి, దాదాపు అరవై ఏళ్ళు ఆ పత్రికకు బొమ్మలు వేశారు.

అలా బొమ్మ వేయాలంటే కథంతా చదివి, ఏ క్షణాన్ని గీయాలో ఎంచుకోవాలి. ముగింపు ముందే బయటపడకూడదు. ప్రతి బొమ్మలోనూ రాజు అదే రాజుగా ఉండాలి. నెలనెలా ఇదే దీక్ష.

2021లో, మరణానంతరం, ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. మీ ఇంట్లో పాత చందమామ ఉంటే పిల్లల చేత తెరిపించండి. బొమ్మ మూలన ఉన్న సంతకం కూడా చూపించండి.