ఇసుక రేణువుల లెక్క

గోల్ఫ్ సీజన్ ముగిశాక అభిమానులు ముందుగా లెక్కపెట్టేది టైటిళ్లనే. ఆ లెక్కన 2024 స్కాటీ షెఫ్లర్‌దే. మాస్టర్స్, ప్లేయర్స్‌తో కలిపి అమెరికా పీజీఏ టూర్‌లో 7 టైటిళ్లు, వాటికి తోడు పారిస్ ఒలింపిక్స్ స్వర్ణం సాధించిన ఆటగాడి ముందు మరొకరి పేరెత్తడం సాహసమే అనిపించవచ్చు. అయినప్పటికీ ఆ సీజన్‌లో కలకాలం గుర్తుంచుకోదగిన ఘట్టం షెఫ్లర్ గెలుపుల్లో లేదని, ఆ ఏడాది ఒక్క టైటిలూ గెలవని సాహిత్ తీగల తనకు తానుగా వేసుకున్న రెండు దెబ్బల పెనాల్టీలో ఉందని ఈ కాలమ్ నమ్మకం.

హైదరాబాద్ మూలాలున్న తెలుగు దంపతులకు 1997లో కాలిఫోర్నియాలో జన్మించిన సాహిత్, పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయం తరఫున ఆడుతూ 2020లో అమెరికా కళాశాల గోల్ఫ్‌లోని మూడు అగ్ర పురస్కారాలనూ అందుకొని ప్రొఫెషనల్ క్రీడలోకి వచ్చాడు. 2022లో ఫీనిక్స్ ఓపెన్‌లో చివరి రోజు 17వ హోల్ వద్ద బంతి నీళ్లలో పడటంతో ఒక టైటిల్, అదే ఏడాది ట్రావెలర్స్ టోర్నీ ఆఖరి హోల్ వద్ద ఒక దెబ్బ ఆధిక్యంలో ఉండి కూడా బంకర్ నుంచి, అంటే మైదానంలో కావాలని తవ్వి ఉంచే ఇసుక గుంట నుంచి, ఒక్క దెబ్బతో బయటపడలేకపోవడంతో మరో టైటిల్ చేతిదాకా వచ్చి జారిపోయాయి. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్‌లో గాని తొలి విజయం దక్కలేదు. 2024 జనవరిలో హవాయిలో జరిగిన సెంట్రీ టోర్నీలో అతని స్కోరు పార్ కంటే 28 తక్కువ. పార్ అనేది నిపుణుడైన ఆటగాడికి ఒక హోల్‌ను ముగించడానికి పట్టే దెబ్బల ప్రమాణ సంఖ్య కాబట్టి, దానికంటే ఎంత తగ్గితే అంత మేలు. అంతటి స్కోరుతోనూ క్రిస్ కర్క్ కంటే ఒక్క దెబ్బ వెనుకబడి సాహిత్ రెండో స్థానంలో నిలిచాడు. ఏప్రిల్‌లో ఆర్‌బీసీ హెరిటేజ్‌లోనూ రెండో స్థానమే. పదుల సంఖ్యలో మేటి ఆటగాళ్లు ఒకేసారి బరిలో దిగే ఆటలో రెండో స్థానాన్ని ఓటమిగా కొట్టిపారేయడం క్రికెట్ చూసి అలవాటైన కంటికి తేలికే గాని, గోల్ఫ్‌కు అది అన్యాయం.

సీజన్ ముగింపు పోటీ అయిన టూర్ చాంపియన్‌షిప్ అట్లాంటాలోని ఈస్ట్ లేక్‌లో ఆగస్టు 29న మొదలైంది. మూడో రౌండ్ నాడు మూడో హోల్ వద్ద సాహిత్ బంతి బంకర్‌లో పడింది. బంకర్‌లోని బంతిని కొట్టడానికి క్లబ్‌ను వెనక్కి ఎత్తేటప్పుడు అది ఇసుకను తాకకూడదని, తాకితే రెండు దెబ్బలు అదనంగా లెక్కించాలని నిబంధన. ఇసుకను కదిలించి బంతికి దారి చదును చేసుకునే వీలు ఉండకూడదన్నదే దాని ఉద్దేశం. క్లబ్ వెనక్కి వెళ్తుండగా కొన్ని రేణువులను తాకినట్టు సాహిత్ చేతికి తెలిసింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఎవరూ వేలెత్తి చూపలేదు. అతడే తోటి ఆటగాడికి చెప్పి, నిబంధనల అధికారిని పిలిపించి, జరిగింది వివరించి, శిక్షను స్వీకరించాడు. చివరికి 24 అండర్‌తో, అంటే పార్ కంటే 24 తక్కువ స్కోరుతో, మూడో స్థానంలో నిలిచి 75 లక్షల డాలర్లు అందుకున్నాడు. ఆ రెండు దెబ్బలు కలవకపోయి ఉంటే 26 అండర్‌తో ముగించిన కాలిన్ మొరికావాతో సమంగా రెండో స్థానాన్ని పంచుకొని కోటి డాలర్లు పొందేవాడు. అంటే ఆ రేణువుల ఖరీదు 25 లక్షల డాలర్లు, నాటి మారకపు విలువలో సుమారు 21 కోట్ల రూపాయలు.

ఇది ఈస్ట్ లేక్‌లోనే జరగడం విశేషం, అమెరికా గోల్ఫ్ దిగ్గజం బాబీ జోన్స్ ఆట నేర్చుకున్నది అక్కడే మరి. 1925 యూఎస్ ఓపెన్‌లో గడ్డిలో ఉన్న బంతి తాను కొట్టబోతుండగా కాస్త కదిలిందని, మరెవరూ గమనించకపోయినా, జోన్స్ తనపై ఒక దెబ్బ పెనాల్టీ వేసుకున్నాడు. ఆ ఒక్క దెబ్బ వల్లే విల్లీ మెక్‌ఫార్లేన్‌తో స్కోరు సమమై, చివరకు ప్లేఆఫ్‌లో, అనగా సమానులైనవారి మధ్య విజేతను తేల్చే అదనపు పోటీలో, అతడు ఓడిపోయాడు.

ఆటగాడు తన లెక్కను ఇంత నిక్కచ్చిగా చూసుకున్న ఆ వారంలోనే నిర్వాహకుల లెక్క అంత నిక్కచ్చిగా లేకపోవడం అభిమానిని బాధించే విషయం. సీజన్ పాయింట్లలో అగ్రస్థానంలో ఉన్నవాడు తొలి దెబ్బ కొట్టకముందే 10 అండర్‌తో, మిగిలినవారు స్థానాన్ని బట్టి అంతకంటే తక్కువ వెసులుబాటుతో ఆట మొదలుపెట్టే పద్ధతి 2019 నుంచి అమల్లో ఉండేది. షెఫ్లర్ 30 అండర్‌తో గెలిచాడని పట్టికలో ఉన్నా, ఆ నాలుగు రోజుల్లో అతడు మైదానంలో నిజంగా సాధించింది 20 అండర్ మాత్రమే, మొరికావా సాధించింది 22. ఏడాది పొడవునా బాగా ఆడినవాడికి ప్రతిఫలం దక్కాలన్న ఉద్దేశం మంచిదే. కానీ కొట్టని దెబ్బలను స్కోరులో చేర్చడం ఈ ఆట మూలసూత్రానికే విరుద్ధం. 2025లో ఆ పద్ధతిని రద్దు చేసి అందరినీ సున్నా నుంచి మొదలుపెట్టించడం, ఆ ఏడాది టామీ ఫ్లీట్‌వుడ్ తన తొలి పీజీఏ టూర్ టైటిల్‌ను అక్కడే గెలవడం ఎంతైనా హర్షణీయం.

ఇక మన రాయపూర్‌లో సాహిత్ ఆటను టీవీలో చూడాలనుకునే తెలుగు కుటుంబాలు అర్ధరాత్రి దాకా మేల్కొనవలసిందే. పగటిపూటే చూడదగిన ఆట మాత్రం ఊరి పక్కనే ఉంది. నవా రాయపూర్‌లోని ఫెయిర్‌వే గోల్ఫ్ అండ్ లేక్ రిసార్ట్‌లో ఛత్తీస్‌గఢ్ ఓపెన్ జరిగింది. భారత ప్రొఫెషనల్ గోల్ఫర్ల పోటీలను 2006 నుంచి నడుపుతున్న పీజీటీఐ టోర్నీ అది. కోల్‌కతాలో గోల్ఫ్ మైదానం సంరక్షకుడి కొడుకుగా పెరిగి ఇండియన్ ఓపెన్‌ను రెండుసార్లు గెలిచిన ఎస్‌ఎస్‌పీ చౌరాసియా, 51 ఏళ్ల వయసులో 2016 పానసోనిక్ ఓపెన్ గెలిచిన మౌ పట్టణవాసి ముకేశ్ కుమార్ వంటివారు ఈ దేశవాళీ పోటీల్లో ఎదిగినవారే. 2023 జనవరిలో భారత్, న్యూజిలాండ్ వన్డే కోసం నవా రాయపూర్ స్టేడియానికి పోటెత్తిన జనంలో పిడికెడు మంది ఈ మైదానానికి వచ్చినా చాలు. వచ్చినవారు చివరి హోల్ దగ్గరే ఆగిపోకుండా, రౌండ్ ముగిశాక జరిగేది కూడా తెలుసుకోవాలి. ఒకరి స్కోరును మరొకరు రాసుకున్న ఆటగాళ్లు కార్డులు మార్చుకొని, ప్రతి హోల్ సంఖ్యనూ సరిచూసి సంతకం చేస్తారు. ఏ హోల్ వద్దనైనా ఆడినదానికంటే తక్కువ సంఖ్య ఉన్న కార్డుపై సంతకం చేసి అప్పగించినవారు మామూలుగా పోటీ నుంచే తొలగిపోతారు.