పోలిక చుట్టరికమునకు సాక్ష్యమా?

టర్కీ భాషలో "ఎవ్" అనగా ఇల్లు. "ఎవ్‌లెర్" అనగా ఇండ్లు. "ఎవ్‌లెర్‌దె" అనగా ఇండ్లలో. "అత్" అనగా గుర్రము. దాని బహువచనము "అత్‌లర్". ముందున్న అచ్చును బట్టి ప్రత్యయములోని అచ్చు మారినది. "హరికి", "రామునకు" అను రూపముల నెరిగిన తెలుగు విద్యార్థికి ఇది వింతగా తోచదు. ఇట్టి పోలికలను చూచియే 1856లో కాల్డ్వెల్ ద్రావిడ భాషలను టర్కీ, మంగోల్, ఫిన్నిష్ మొదలగు భాషలతో కూడిన "సిథియన్" వర్గమునకు దగ్గరివిగా భావించెను. ఆ వర్గమును నేటి శాస్త్రజ్ఞు లంగీకరింపరు. నిర్మాణములో పోలిక రక్తసంబంధమును నిరూపింపదు.

టర్కీ నుండి సైబీరియాలోని యాకూత్ వరకు గల తుర్కిక్ భాష లొక కుటుంబమే యనుటలో వివాదము లేదు. వాటికి మంగోల్, తుంగూస్ భాషలతో చుట్టరికము కలదా యన్నదే ప్రశ్న. కలదనునది ఆల్టాయిక్ వాదము. ఫిన్లాండు పండితుడు రామ్‌స్టెడ్ దీనికి పునాది వేసెను. 1960లో పొప్పె దానిని తులనాత్మక వ్యాకరణముగా తీర్చెను.

వారి ప్రధానమైన ఆధారములలో నొకటి చూడుడు. ఎద్దును టర్కీలో "ఒకుజ్" అందురు. ప్రాచీన మంగోల్ లిఖిత భాషలో "ఉకెర్". వోల్గా ప్రాంతపు తుర్కిక్ భాషయగు చువాష్‌లోను ఇట్టి జకారమునకు బదులు రేఫయే వచ్చును. కనుక మూలభాషలోని ప్రాచీన ధ్వనిని మంగోల్ నిలుపుకొన్నదని వారి వాదము. ఈ క్రమము మెచ్చదగినదే. కాని చువాష్ వంటి ప్రాచీన తుర్కిక్ మాండలికము నుండి మంగోలులు ఆ పదముల నెరువు తెచ్చుకొన్నను అదే క్రమము కనబడును. ఒకే ఆధారము రెండు పక్షములకును సరిపోయినపుడు అది తీర్పు చెప్పజాలదు.

1956లో క్లాసన్ అడిగిన ప్రశ్న యిదియే: బంధువులైనచో సంఖ్యలెందుకు కలియవు? టర్కీలో "బిర్, ఇకి, ఉచ్". మంగోల్‌లో "నిగెన్, ఖొయర్, గుర్బన్". నాలుగు తప్ప తక్కిన వాటిలో స్పష్టమైన పోలిక లేదు. మన "రెండు", తమిళ "ఇరండు", కన్నడ "ఎరడు" చూచినచో భేదము తెలియును. అయితే జపనీయులు చీనా సంఖ్యల నెరువు తెచ్చుకొనిరి. కావున ఈ యాక్షేపణ బలమైనదే గాని తుదిమాట కాదు.

2003లో మూడు సంపుటముల ఆల్టాయిక్ వ్యుత్పత్తి నిఘంటువు వెలువడినది. పదముల రాశి పెరిగినది. కాని అర్థములు మిక్కిలి సడలించి, సందేహాస్పద రూపములను చేర్చిరని జార్జ్, వోవిన్ మొదలగువారు విమర్శించిరి. విమర్శ న్యాయమైనదే. వంద బలహీన సాక్ష్యములు కలిసి ఒక బలమైన సాక్ష్యము కానేరవు.

చుట్టరికము లేదని దీనివలన రుజువు కాలేదు. ఉన్నదని యింకను రుజువు కాలేదు. ఈ రెండు మాటలకు గల భేదమును గుర్తించుటయే శాస్త్రదృష్టి. "కాగితము" పారశీకము నుండి వచ్చినంత మాత్రమున తెలుగు పారశీకమునకు బంధువు కాదు గదా!