ట్రస్టు ఖాతా బయట ఎంతుంది?

వ్యాపారమే లేని కంపెనీ లెక్కలు చదవడం నాకు భలే సరదా. అమ్మకాలు సున్నా, సరుకు లేదు, సిబ్బంది అంటే ఇద్దరు ముగ్గురు ఆఫీసర్లు. అమెరికా మార్కెట్లో వీటిని స్పాక్ అంటారు. ముందు జనం దగ్గర డబ్బు తీసుకుని, తర్వాత కొనడానికో కంపెనీని వెతుక్కుంటాయి. మామూలుగా 10 డాలర్లకు ఒక షేరు, దాంతోపాటు వారంటులో (తర్వాత ముందే చెప్పిన ధరకు షేరు కొనుక్కునే హక్కులో) కొంత. 2021లో ఇవి 600కు పైగా వచ్చాయి. మన దగ్గరైతే ఏడాదిలోపు వ్యాపారం మొదలుపెట్టని కంపెనీ పేరును రిజిస్ట్రార్ కొట్టేయొచ్చు. అక్కడ ఖాళీగా ఉండటమే స్పాక్ పని!

"ఈ స్పాక్‌లో 23 కోట్ల డాలర్లున్నాయటండీ, ఇంక భయమేముంది?" అని న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు అడుగుతుంటారు. ఉన్నమాట నిజమే. ట్రస్టు ఖాతాలో, ఎక్కువగా ఆరు నెలల్లో తీరిపోయే ట్రెజరీ బిల్లుల్లో భద్రంగా ఉంటాయి. కానీ కంపెనీ వాటిని ఇష్టమొచ్చినట్టు వాడుకోవడానికి లేదు. దొరికిన కంపెనీతో విలీనం వద్దనుకున్నవాళ్లు షేరు వెనక్కిచ్చేసి తమ వాటా పట్టుకుపోతారు. అందుకే ఆ షేర్లను ఈక్విటీలో కలపకుండా, అప్పులకూ ఈక్విటీకీ మధ్య విడిగా రాస్తారు. దాని కింద మిగిలే ఈక్విటీ చాలావాటిలో మైనస్సే.

నేను మొదట వెతికేది ట్రస్టు బయటి నగదు. ఆడిటర్, లాయర్, లిస్టింగ్ ఫీజు, డైరెక్టర్ల బీమా అన్నీ అందులోంచే. మచ్చుకు, అక్కడ 1 లక్ష డాలర్లుండి, ఏడాదిలో తీర్చాల్సిన బాకీలు 30 లక్షలున్నాయనుకోండి. స్పాక్‌ను పెట్టిన స్పాన్సర్ ప్రామిసరీ నోటు మీద అప్పిస్తేనే ఇల్లు గడుస్తుంది. అప్పుడు నోట్సులో 'గోయింగ్ కన్సర్న్' పేరా, అంటే కంపెనీ నిలుస్తుందా అన్న సందేహం, తప్పదు. కంపెనీని కొనడానికి గడువు తరచూ రెండేళ్లు. పొడిగించాలంటే ఓటింగు పెట్టాలి, పెట్టిన ప్రతిసారీ కొందరు డబ్బు తీసుకుని వెళ్లిపోతారు.

అసలు వినోదం లాభనష్టాల పట్టికలో. 2021 ఏప్రిల్‌లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ అధికారుల ప్రకటన వచ్చాక చాలా స్పాక్‌లు తమ వారంటులను అప్పుగా చూపాల్సివచ్చింది. షేరు మీద ఆశ సన్నగిల్లితే వారంటు విలువ పడుతుంది, అప్పు తగ్గుతుంది, ఆ తగ్గినదంతా లాభంగా ఎక్కుతుంది. జనం నమ్మకం పోయేకొద్దీ లాభం! ఆ అంకెను నేను చదవను, కొట్టేస్తాను.

తర్వాత స్పాన్సర్. సాధారణంగా 25,000 డాలర్లు పెట్టి, మొత్తంలో ఐదో వంతు షేర్లు తీసుకుంటాడు. ఒప్పందం కుదరకపోతే అవి చిత్తు కాగితాలే. గడువు దగ్గరపడ్డ స్పాన్సర్ పెళ్లిళ్ల పేరయ్య లాంటివాడు, సంబంధం ఎలాంటిదైనా ముడి పడాలి. హెడ్జ్ ఫండ్ నడిపే బిల్ ఆక్‌మన్ 2020లో తన స్పాక్ కోసం 400 కోట్ల డాలర్లు సేకరించి, తగిన కంపెనీ దొరక్క 2022లో తిరిగిచ్చేశాడు. ఆయన ఆ ఐదో వంతు షేర్లు తీసుకోలేదు. డబ్బు తిరిగి ఇవ్వగలగడానికి అదీ ఓ కారణమేనని నా అనుమానం.

ఇక మిగిలింది ఓ చిన్న భాగహారం. ట్రస్టులోని మొత్తాన్ని వెనక్కివ్వదగ్గ షేర్ల సంఖ్యతో భాగించి, మార్కెట్ ధర పక్కన పెట్టి చూడండి. ధర తక్కువగా ఉంటే షేరు వెనక్కివ్వడమే మేలు. విలీనానికి అనుకూలంగా ఓటేసి కూడా డబ్బు అడగొచ్చు. ఓటింగు జరిగే మీటింగు రోజుదాకా ఆగకండి. షేరు వెనక్కిచ్చే గడువు సాధారణంగా రెండు పనిదినాల ముందే ముగుస్తుంది, బ్రోకరు అంతకంటే ముందే అడుగుతాడు.