రెండే రోజులుంటే బొగోటాయా, క్విటోయా?

దక్షిణ అమెరికా రాజధానులకి అందాల పోటీ పెడితే కిరీటం క్విటోకే ఇస్తాను. కానీ శుక్రవారం రాత్రి దిగి ఆదివారం రాత్రి తిరుగు విమానం ఎక్కాల్సిన మనిషికి ఆ పోటీతో పనిలేదు. ఆ కాస్త వ్యవధిలో ఊరు మనకి ఎంత దొరుకుతుందన్నదే లెక్క. ఆ లెక్కలో కొలంబియా రాజధాని బొగోటా, చూపుకి అంతగా ఆనకపోయినా, ఈక్వడార్ రాజధానిని దాటేస్తుందని నా వాదన. అమెరికాలో ఉంటూ వారాంతానికి ఎటు వెళ్దామా అని టికెట్లు వెతికే తెలుగువాళ్లకి ఇది పనికొచ్చే తగువే. మయామీ నుంచి రెండు ఊళ్లకీ అటూ ఇటూగా నాలుగు గంటల ప్రయాణం. వీసా నిబంధనలు మాత్రం మారుతుంటాయి, టికెట్ కొనకముందే చూసుకోవాలి.

రెండూ అండీస్ కొండల మీది ఊళ్లే, దాదాపు ఒకే ఈడువి. స్పెయిన్ వాళ్లు క్విటోని 1534లో, బొగోటాని 1538లో స్థాపించారు. క్విటోకి పునాది వేసిన సెబాస్టియన్ దె బెనాల్కాసార్ 1539లో బొగోటా మైదానానికీ చేరుకున్నాడు. తీరా చూస్తే అక్కడ గొన్సాలో హిమెనెస్ దె కెసాదా అప్పటికే పాగా వేసి ఉన్నాడు. బొగోటా సుమారు 2,640 మీటర్ల ఎత్తులో ఉంది, క్విటో 2,850 మీటర్ల ఎత్తులో. తెలుగు నేల మీద అన్నిటికన్నా ఎత్తైన తూర్పు కనుమల శిఖరం కూడా 1,700 మీటర్లకి చేరదు. కాబట్టి ఎక్కడికి వెళ్లినా మొదటి రోజు ఆయాసం, తలనొప్పి, పట్టీపట్టని నిద్ర ఉండొచ్చు. వారం రోజుల యాత్రలో మొదటి రోజు పోతే పోయింది. ఇక్కడ మొదటి రోజంటే సగం యాత్ర.

పైగా ఊరి ఎత్తు చాలదన్నట్టు క్విటో ఇంకా పైకి రమ్మంటుంది. పిచించా అగ్నిపర్వతం వాలు మీదుగా కేబుల్ కారు దాదాపు 4,000 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. కిందికి చూస్తే ఊరు సన్నటి లోయలో ఉత్తర దక్షిణాలుగా రిబ్బను పరిచినట్టుంటుంది. చూడాల్సిన దృశ్యమే, కాదనను. కానీ విమానం దిగిన మర్నాడే 4,000 మీటర్లు ఎక్కమని రాసే ప్రయాణ ప్రణాళికలు చూస్తే, రాసినవాళ్లకి మనిషి ఊపిరితిత్తుల గురించి ఏమీ తెలియదేమో అనిపిస్తుంది. బొగోటా కొండ మోన్సెరాతే 3,152 మీటర్లు. 1929 నాటి పట్టాల బండి, 1955 నాటి కేబుల్ కారు రెండూ ఉన్నాయి. ఆదివారం భక్తుల వరుసలు బారెడు. శనివారం సాయంత్రం ఆరుకి కాస్త ముందు పైన ఉంటే పొద్దు గుంకడమూ, ఊరి దీపాలు వెలగడమూ ఒక్క టికెట్‌తో అయిపోతాయి. భూమధ్యరేఖకి దగ్గరి ఊళ్లు కాబట్టి ఏ నెలలో వెళ్లినా చీకటి పడేది ఇంచుమించు అప్పుడే.

ఇక విమానాశ్రయాలు. బొగోటాలోది ఊరి పడమటి అంచున ఉంది. క్విటోలోది ఒకప్పుడు ఊరి మధ్యనే ఉండేది. 2013లో దాన్ని తూర్పున లోయల అవతల తబబేలాకి మార్చి, పాత రన్‌వేని పార్కు చేశారు. ఊరివాళ్లకి మంచి పనే, వారాంతపు అతిథికి మాత్రం రానూపోనూ మరి రెండు గంటలు ఖర్చు.

ఇన్ని చెప్పాక కూడా క్విటో పాతబస్తీ దగ్గర నా వాదన కాస్త తడబడుతుంది. 1978లో యునెస్కో మొట్టమొదటి వారసత్వ జాబితా వేసినప్పుడు, పోలండ్‌లోని క్రాకోవ్‌తో పాటు ఇదీ అందులో ఉంది. లా కొంపానియా చర్చిని 1605లో మొదలుపెట్టి నూట అరవై ఏళ్లు కట్టారు. లోపల గోడ నుంచి కప్పు దాకా బంగారు రేకు. నాకు అంతకన్నా నచ్చేది ఆ ఊళ్లోని బసిలికా చర్చి. గోథిక్ చర్చిల చూరు మీద యూరప్‌లో వికృత భూతాలుంటే, ఇక్కడ ఇగ్వానాలు, తాబేళ్లు, ఆర్మడిల్లోలు తలలు చాచి ఉంటాయి. తమ దేశపు జంతువుల్ని తెచ్చి పరాయి శిల్పంలో కూర్చోబెట్టిన చమత్కారం అది. బొగోటాలో ఇంత అఖండంగా మిగిలిన పాతబస్తీ లేదు. 1948 ఏప్రిల్ 9న నాయకుడు హోర్హే ఎలియేసెర్ గైతాన్‌ని నడివీధిలో కాల్చి చంపినప్పుడు జనం కోపానికి నగర కేంద్రం చాలావరకు తగలబడింది. లా కందెలారియా పేటలో పెంకుటిళ్లు మిగిలాయి గానీ, చుట్టూ కాంక్రీటే.

మరి క్విటో ఎందుకు ఓడుతోంది? దోషం ఊరిది కాదు, ప్రణాళికలది. క్విటో వారాంతం అనగానే శనివారం ఒతవాలో సంత అంటారు. అది ఉత్తరాన రెండు గంటల దూరం. తర్వాత భూమధ్యరేఖ స్మారకం. 1736లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు భూమి ఆకారం తేల్చడానికి ఇక్కడికి వచ్చి కొలతలు మొదలుపెట్టిన చరిత్ర గొప్పది. దాని పేరిట కట్టిన 30 మీటర్ల కట్టడం మాత్రం అసలు రేఖకి సుమారు 240 మీటర్లు పక్కన ఉంది. దగ్గర్లోనే రేఖకి అటు ఒకలా, ఇటు ఒకలా నీళ్లు సుడి తిరగడం చూపిస్తారు. తొట్టెడు నీళ్ల మీద భూభ్రమణ ప్రభావం కనిపించేంత ఉండదు, అది పోసేవాడి చేతివాటం. పిల్లలుంటే సరదానే. కానీ సంతకి ఒక పగలు, రేఖకి ఒక పూట పోయాక క్విటోకి మిగిలేది ఏమిటి? పడుకోవడానికి ఒక గది.

బొగోటాకి ఈ బాధ లేదు. ఊరి బయట సిపకిరా ఉప్పుగని చర్చి ఉంది గానీ, దాన్ని వదిలేయమని ధైర్యంగా చెప్పొచ్చు. సెంట్రల్ బ్యాంకు నడిపే రెండు మ్యూజియాలు పాత పేటలోనూ, దానికి కూతవేటు దూరంలోనూ ఉన్నాయి. బంగారు మ్యూజియంలో ముప్పై నాలుగు వేలకి పైగా పసిడి వస్తువులున్నాయి. స్పెయిన్ వాళ్లని వెర్రెత్తించిన ఎల్ దొరాదో కథకి ఆధారమనిపించే మువిస్కా తెప్ప బొమ్మ చేతిలో పట్టేంతే ఉంటుంది. చిత్రకారుడు ఫెర్నాందో బొతేరో తన 123 కృతులతో పాటు సొంత సేకరణలోని ఇతరుల చిత్రాలు కూడా ఇచ్చేశాడు. వాటితో 2000లో తెరిచిన రెండో మ్యూజియానికి టికెట్ లేదు. బంగారు మ్యూజియం కూడా ఆదివారం ఉచితమే, సోమవారం మూత.

అసలు బొగోటా ఆదివారం తెల్లవారాక మొదలవుతుంది. 1974లో పుట్టిన సిక్లోవియా అనే ఆదివారపు సైకిళ్ల దారి ఇప్పుడు నూట ఇరవై కిలోమీటర్లు దాటింది. ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా పెద్ద పెద్ద రోడ్ల మీద కార్లుండవు. సైకిళ్లు, స్కేట్లు, తోపుడుబండ్లలో పసిపిల్లలు, కుక్కలు, పళ్లరసాల బళ్లు. మామూలు రోజుల్లో బొగోటా ట్రాఫిక్ నరకం. ఇప్పటిదాకా మెట్రో లేని మహానగరం అది, 2023 డిసెంబరు నుంచి మెట్రో నడుపుతున్న క్విటో ముందు తలదించుకోవాల్సిందే. అలాంటి ఊరు వారానికొక పూట రోడ్లని జనానికి అప్పగిస్తుంది. సైకిలు అద్దెకి తీసుకున్నవాడు వీళ్లలో కలిసిపోతాడు. ఉసకేన్ సంత దాకా తొక్కుకుంటూ వెళ్లొచ్చు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద 2021లో మొదలైన ఆదివారపు సందడి ఇలాంటిదే, కాకపోతే అది ఒక్క కట్టతో సరి. క్విటోలోనూ ఆదివారం సైకిళ్ల దారి ఉంది గానీ, బొగోటాది ఊరంతా పరుచుకున్న వ్యవహారం.

తిండిలో శాకాహారులకి క్విటో మేలు. బంగాళదుంప, జున్ను, అవకాడోలతో చేసే లోక్రో పులుసుంది. బొగోటా అహియాకోలో మూడు రకాల దుంపలున్నా కోడి తప్పదు. పొద్దున వేడి చాక్లెట్‌లో జున్నుముక్క వేసుకు తాగడం వింతే, రెండో గుక్కకి అలవాటవుతుంది. 2000 నుంచీ క్విటోలో అమెరికన్ డాలరే చెల్లుతుంది, మార్పిడి గొడవ లేదు. భద్రత విషయంలో ఏ ఊరికీ పూర్తి మార్కులు వేయలేం. 2024 జనవరిలో ఈక్వడార్ ముఠాల మీద అత్యవసర స్థితి ప్రకటించింది. రెండుచోట్లా చీకటి పడితే వీధిలో ట్యాక్సీ ఆపకుండా యాప్‌లో పిలుచుకోవాలి, ఫోను జేబు దాటకూడదు.

సోమవారం కూడా సెలవు దొరికితే మాత్రం నా తీర్పు మారుతుంది. అప్పుడు క్విటోకే వెళ్లమంటాను. శనివారమంతా పాతబస్తీలో నిదానంగా తిరిగి, ఆదివారం బసిలికా గోపురాలెక్కి, ఒళ్లు ఎత్తుకి అలవాటుపడ్డాక సోమవారం పొద్దున్నే కేబుల్ కారు. మధ్యాహ్నానికి మబ్బు కమ్మి వాన పడటం అక్కడ మామూలే, కాబట్టి పొద్దున్నే. ఒతవాలో, భూమధ్యరేఖ రెండూ కొట్టేయాలి. విమానం రాత్రిదే తీసుకోవాలి, తబబేలా దారిలో ట్రాఫిక్‌కి వేరే గంట పక్కన పెట్టుకుని.