కట్టె విల్లుకు గురి పిన్ను

విజయవాడ విలుకాళ్లు వెన్నం జ్యోతి సురేఖ, బొమ్మదేవర ధీరజ్‌ల పోటీలు టీవీలో చూసినవాళ్లకు విల్లు మీద బిగించే సైటు, అంటే గురి చూసుకునే సాధనం, కొత్త కాదు. సురేఖది కప్పీల కాంపౌండ్ విల్లు, ధీరజ్‌ది కొసలు ముందుకు వంగి ఉండే ఒలింపిక్ రికర్వ్. రెండింటికీ సైటు ఉంటుంది, ఎవరూ వంక పెట్టరు. అమెరికాలో జింకల వేటకు వాడే చెక్క లాంగ్‌బోకో, సాదా రికర్వ్‌కో అదే సైటు తగిలిస్తే మాత్రం అక్కడి సంప్రదాయ విలుకాళ్లలో చాలామంది మొహం ముడుచుకుంటారు. చూపు లక్ష్యం మీద నిలిస్తే చాలు, బాణం దారి చెయ్యి చూసుకుంటుందన్నది వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం మీద నాకు గౌరవం ఉంది. అయినా ఈ విషయంలో నేను సైటులో గురికి ఆనవాలయ్యే పిన్ను పక్షమే.

మన దేశంలో వన్యప్రాణుల వేట నేరం. అమెరికాలో అది లైసెన్సుతో, నిర్ణీత రోజుల్లో సాగుతుంది. విస్కాన్సిన్ రాష్ట్రం 1934లోనే విల్లుతో జింకల వేటకు విడిగా సీజన్ పెట్టింది. ఆ తరం విలుకాళ్లలో పెద్ద పేరు హోవర్డ్ హిల్‌ది. 1938లో వచ్చిన రాబిన్ హుడ్ సినిమాకు బాణాలు వేసింది ఆయనే. సైటు లేకుండా వేసేవాళ్లు ఇప్పటికీ ఆయన్నే ఉదాహరణగా చెబుతారు. కానీ హిల్ తన పద్ధతిని వివరించినప్పుడు గురి అక్కర్లేదని అనలేదు. చూపు లక్ష్యం మీదే ఉంచి, ఓరచూపుతో బాణం మొనను గమనిస్తూ, రెండింటి మధ్య ఎడాన్ని కొలుచుకునేవాడు. అంతకు దాదాపు వందేళ్ల ముందు ఇంగ్లండులో హొరేస్ ఫోర్డ్, బాణం మొనను ఏ చోటుకు ఆనించి చూస్తే దెబ్బ ఎక్కడ పడుతుందో లెక్క కట్టి 1856లో పుస్తకమే రాశాడు. బాణం మొనే వాళ్లకు సైటు. పిన్ను చేసే పనీ అదే, ఇంకాస్త స్పష్టంగా.

ఆ స్పష్టత ఎందుకు కావాలో చిన్న లెక్కతో తేలుతుంది. లాగడానికి యాభై పౌన్ల బలం పట్టే రికర్వ్ నుంచి వేట బాణం సుమారు సెకనుకు 175 అడుగుల వేగంతో వెళుతుందనుకుందాం. 20 గజాలు దాటేలోపు అది వదిలిన దిశలోని సరళరేఖకన్నా దాదాపు రెండడుగులు కిందికి జారుతుంది, 30 గజాలకు నాలుగడుగులు దాటుతుంది. 20 గజాల గురితో 25 గజాల దూరంలో ఉన్న జింక మీద వేస్తే దెబ్బ అరడుగు కింద పడుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిదంగుళాల వెడల్పు. దాని నడిమికి గురిపెట్టిన బాణం అరడుగు దిగితే ఆ చోటు తప్పినట్టే. పూర్తిగా తప్పితే నయం, గాయంతో జింక పారిపోతే అది ఎక్కడో రోజుల తరబడి బాధపడుతుంది. ప్రాణం తీయడానికి విల్లెత్తిన మనిషి ఆ బాధ్యతను అలవాటు మీదో ధీమా మీదో వదిలేయకూడదు.

కట్టె విల్లుకు పిన్ను పెట్టే పాత పద్ధతి చాలా సులువు. లక్ష్యం వైపు ఉండే విల్లు వీపు మీద, పిడికి కాస్త పైన, దట్టమైన స్పాంజి పట్టీ అంటిస్తారు. గుండు తల ఉన్న గుండుసూదిని అడ్డంగా గుచ్చి, తల బాణం ఆనే వైపు బయటికి కనబడేలా ఉంచుతారు. సరిచేసే సూత్రం ఒక్కటే: బాణాలు పడిన వైపే పిన్నునూ జరపాలి. కిందికి పడితే కిందికి, కుడికి పడితే కుడికి. పిన్ను దిగితే దాన్ని లక్ష్యం మీదికి తేవడానికి విల్లు పైకి లేవాల్సిందే. అందుకే ఒక్కో దూరానికి ఒక్కో పిన్ను పెడితే, దూరం పెరిగేకొద్దీ అవి కిందికి దిగుతాయి.

అసలు కష్టం గుచ్చిన తర్వాత మొదలవుతుంది. కాంపౌండ్ విలుకాడికి నారిలో బిగించిన చిన్న రంధ్రం ఉంటుంది, దాంట్లోంచి చూస్తే కన్ను ప్రతిసారీ ఒకే చోటికి వస్తుంది. కట్టె విల్లుకు ఆ సాయం లేదు. నారి లాగిన చెయ్యి ప్రతిసారీ ముఖం మీద ఒకే చోట ఆగాలి. మధ్యవేలు పెదవి మూలకు తగలాలి, వీలైతే ముక్కు కొస నారికి ఆనాలి. మసగ్గా కనబడే నారి నీడ ప్రతిసారీ విల్లు మీద ఒకే చోట పడాలి. చెయ్యి పావంగుళం కిందికి జారినా పిన్ను అబద్ధం చెబుతుంది. సంప్రదాయ విలుకాళ్లకు విల్లును ఒక పక్కకు వాల్చి వేసే అలవాటు. వాల్చితే పిన్ను కూడా పక్కకు పోతుంది. కాబట్టి నిటారుగా పట్టాలి, లేదా ఎప్పుడూ అంతే వాల్చాలి. గురి బరువును పిన్ను తీసుకున్నాక మిగిలినదంతా భంగిమే. దానిలోని ప్రతి లోపాన్ని పిన్ను నిర్దాక్షిణ్యంగా చూపిస్తుంది. వ్యతిరేకించేవాళ్లు ఒప్పుకోని మేలు ఇది.

నష్టమూ ఉంది. పొదలోంచి హఠాత్తుగా బయటపడ్డ జంతువు మీద తటాలున వేయాలంటే పిన్ను వెతుక్కునే వ్యవధి ఉండదు. మునిమాపు వెలుగులో చిన్న తల కనబడదు. దూరం తప్పుగా అంచనా వేస్తే పిన్ను ఏమీ కాపాడలేదు. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది బరువు. 1969లో హోలెస్ విల్బర్ ఆలెన్ పేటెంటు పొందిన కాంపౌండ్ విల్లులో, పూర్తిగా లాగాక కప్పీలు చాలా భారాన్ని మోస్తాయి. కట్టె విల్లులో యాభై పౌన్లూ మూడు వేళ్ల మీదే ఉంటాయి, పిన్ను కుదిరేదాకా మోయాలి. నా దృష్టిలో విల్లును సంప్రదాయ విల్లుగా నిలిపేది ఈ భారమే, జంతువుకు దగ్గరగా నడిచి వెళ్లక తప్పని నిబంధనే. గుండుసూది వాటిలో ఒక్కదాన్నీ తగ్గించదు.

మొదట 15 గజాలకు ఒకే పిన్ను పెట్టి నేర్చుకోవడం మేలు. సాధనలో పది బాణాలు వేశాక చెయ్యి కుదురుకుంటుంది, అడవిలో అన్ని అవకాశాలుండవు. కాబట్టి రోజూ కీళ్లు వేడెక్కకముందే వేసే మొదటి బాణం ఎక్కడ పడిందో రాసుకోవాలి. ఎనిమిదంగుళాల వలయంలో ఆ మొదటి బాణం ఎంత దూరం వరకు తప్పకుండా పడుతుందో అదే ఆ మనిషి వేట దూరం. అంతకు మించిన దూరానికి గుచ్చిన పిన్ను ఏదైనా ఉంటే, సీజన్ మొదలవకముందే పీకేయాలి.