కైఫియత్తు లేని ఊరి చరిత్ర

స్విట్జర్లాండ్ చారిత్రక నిఘంటువు 2002 నుంచి 2014 దాకా 13 సంపుటాలుగా, జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్ భాషల్లో వెలువడింది. ఆల్ప్స్ లోయల్లో గట్టిగా వంద గడప లేని మునిసిపాలిటీకి కూడా అందులో చోటు దొరికింది. ఊరు లోయకు ఏ వైపున ఉంది, దాని పేరు మొదటిసారి ఏ పత్రంలో ఏ ఏడాది కనబడింది, ఎవరి ఏలుబడిలో ఉండేది, కొండమీది గడ్డిబీళ్ళను ఎవరెవరు పంచుకునేవాళ్ళు, బండ్ల బాట ఎప్పుడు పడింది, జనం ఏం చేసి బతికారు... ఇంతే. పొగడ్త ఒక్క ముక్క ఉండదు. ఇదే కొలతతో కామారెడ్డి జిల్లా పెద్ద కొడప్‌గల్ గురించి ఒక పేజీ రాయమంటే మనం ఏం రాస్తాం? 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మండల కేంద్రమైంది. రెవెన్యూ డివిజన్ బాన్సువాడ, అసెంబ్లీ నియోజకవర్గం జుక్కల్. సంగారెడ్డి నుంచి నాందేడ్ పోయే హైవే మీద ఉంది. అక్కడితో చాలామంది కలం ఆగిపోతుంది.

నిజానికి ఊరి చరిత్ర రాయడం మనకు కొత్త విద్యేం కాదు. రెండు వందల ఏళ్ళ కిందటే తెలుగునాట కైఫియత్తులు పుట్టాయి. వాటిని సేకరింపజేసిన కుంపిణీ సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీ పేరు అందరూ చెప్పుకుంటారు. ఆ పనిని నడిపింది మాత్రం ఏలూరుకు చెందిన కావలి సోదరులు వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, వాళ్ళ కింద ఊళ్ళు తిరిగిన గుమాస్తాలు. గుమాస్తా వచ్చి ముందు కరణాన్ని కలిసేవాడు. తరతరాల లెక్కలున్న కవిలె కట్టలు కరణం ఇంట్లోనే ఉండేవి. ఊరి పుట్టుక, ఎల్లలు, చెరువులు, గుళ్ళు, మాన్యాలు, ఏ దొరతనంలో ఎంత శిస్తు, అన్నీ వాటిలోంచి ఎక్కించుకునేవాడు. గుళ్ళో శాసనం ఉంటే నకలు తీసుకునేవాడు. రాతలో దొరకనిది పెద్దల నోట విని చేర్చేవాడు.

చాలా కైఫియత్తులు జనమేజయుడితోనో ముక్కంటి కాడువెట్టితోనో మొదలవుతాయి. ఆ భాగాన్ని నవ్వుకుని దాటేయొచ్చు. చెరువు ఎవరు తవ్వించారు, గండి పడితే ఎవరు పూడ్పించారు, ఏ దండు వచ్చినప్పుడు ఊరు ఖాళీ అయింది అనే చోటికి వచ్చేసరికి మాత్రం రాసినవాడి గొంతు మారుతుంది, లెక్క మాట్లాడుతుంది. కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కట్టా నరసింహులు సంపాదకత్వంలో అచ్చువేసిన కడప జిల్లా సంపుటాలు తిరగేసినవారికి ఈ తేడా ఇట్టే తెలుస్తుంది.

చిక్కేమిటంటే తెలుగు కైఫియత్తుల్లో ఎక్కువ భాగం కుంపిణీ ఏలిన కోస్తా, రాయలసీమ ఊళ్ళవి. నిజాం రాజ్యంలో ఉన్న మంజీర ఒడ్డున ఊరూరా తిరిగి అలా అడిగి రాసుకున్న దాఖలాలు సులువుగా దొరకవు. కాబట్టి ఇక్కడ పనిని నేల నుంచి మొదలుపెట్టాలి.

మంజీర మహారాష్ట్ర బీడ్ జిల్లా బాలాఘాట్ గుట్టల్లో పుట్టి ఆగ్నేయంగా పారుతుంది. సంగారెడ్డి ప్రాంతానికి వచ్చాక ఒక్కసారిగా ఉత్తరానికి మళ్ళి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం 724 కిలోమీటర్లు. పెద్ద కొడప్‌గల్ ఈ ఉత్తరపు పరుగులో నదికి పడమటి దిక్కున ఉంది. తూర్పున కామారెడ్డి వైపు పోతే గుండ్రటి గ్రానైటు గుట్టలు, ఎర్ర చెల్కలు. పడమట జుక్కల్, మద్నూర్ వైపు పోతే దక్కను లావా పరుచుకున్న నేల, నల్లరేగడి. ఆ లావా పారింది సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట. దాని ఫలితం ఇవాళ్టికీ రైతు చేతిలో ఉంది. రేగడి వానాకాలపు తడిని పట్టుకుని కూర్చుంటుంది కనక, చుక్క నీరు పెట్టకుండానే యాసంగిలో జొన్న, శనగ పండుతాయి. పెసర, మినుము, కంది, పత్తి, సోయా ఈ దిక్కు పంటలు కావడానికి మొదటి కారణం ఆ రాయే.

రెండో కారణం నది మీది కట్ట. అచ్చంపేట దగ్గర 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్, నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజనీరింగ్ పని. దాని ప్రధాన కాలువ నదికి తూర్పున బాన్సువాడ, వర్ని, బోధన్ వైపు సాగింది. కాలువ వెంట వరి వచ్చింది, చెరకు వచ్చింది, బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, కోస్తా నుంచి రైతులు తరలివచ్చి క్యాంపులు కట్టుకున్నారు. పడమటి ఒడ్డుకు ఆ కాలువ రాలేదు. ఒకే నది, ఒకే సర్కారు, నడుమ కొద్ది మైళ్ళ దూరం. తొంభై ఏళ్ళలో రెండు ఒడ్లకూ తిండి వేరైంది, పెళ్ళి సంబంధాలు వేరయ్యాయి, వలస బాటలు వేరయ్యాయి. పెద్ద కొడప్‌గల్ చరిత్రకు ఒక్క అధ్యాయమే రాసే వీలుంటే నేను దీన్నే రాస్తాను, రాజుల సంగతి తరవాత.

పక్కనే ఇంకో గీత ఉంది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళను విడదీసి తెలుగు రాష్ట్రంలో కలిపారు. అందుకే ఈ దిక్కు సంతల్లో తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ, లంబాడీ అన్నీ వినబడతాయి. పాత కాగితాలు వెతికేవాడు ఉర్దూ దస్తూరీకి, మరాఠీ మోడీ లిపికి సిద్ధపడి రావాలి. ఒక్క తెలుగే చదవగలిగితే ఈ ఊళ్ళ చరిత్ర సగానికి పైగా చేజారిపోతుంది.

ఇక రాళ్ళు. హనుమాండ్ల గుడి పక్కనో చెరువు కట్ట మీదో, సిందూరం పూసి ఉన్న పలక కనబడితే దేవుడని దండం పెట్టి వదిలేయకండి. కింది అరలో కత్తి పట్టిన మనిషి, నడిమి అరలో అతన్ని పైకి తీసుకుపోతున్న అప్సరసలు, పై అరలో శివలింగం ఉంటే అది వీరగల్లు, ఆ ఊరి కోసమో పశువుల కోసమో పోరాడి చచ్చినవాడి గుర్తు. అక్షరాలున్న రాయి దొరికితే నకలు తీసే పద్ధతి ఇది. రాయిని నీళ్ళతో మెత్తగా కడగాలి, గీకకూడదు. తడిపిన కాగితం పరిచి, గాలి బుడగ మిగలకుండా గట్టి బ్రష్‌తో తట్టాలి. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. తడి కొంత ఆరాక, సిరా అద్దిన గుడ్డ ఉండతో పైపైన ఒత్తుకుంటూ పోవాలి. మిట్ట భాగమంతా నల్లబడి, గుంటల్లో దిగిన అక్షరం తెల్లగా మిగులుతుంది. శక సంవత్సరం ఉంటే 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. దానికి చెప్పిన సంవత్సరం పేరు, తిథి, వారం సరిపోతున్నాయో లేదో చూడాలి, పొసగకపోతే శాసనాన్ని అనుమానించాలి. అదే రాయికి ఎనామిల్ పెయింట్ వేసే భక్తుడు చరిత్రకు దొంగ కన్నా ఎక్కువ కీడు చేస్తాడు. కొమర్రాజు లక్ష్మణరావు పేరిట ఏర్పడిన పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ అచ్చువేసింది ఇలాంటి ఓపికతోనే.

రాళ్ళ తరవాత రికార్డులు. తొలి సర్వే నాటి భూమి లెక్క సేత్వార్, ఊరి పటమైన గ్రామ నక్షా, 1954-55 ఖాస్రా పహాణీ ఉంటే ఊరి కథ ముప్పాతిక వంతు చేతికొచ్చినట్టే. 1949లో జాగీర్లు రద్దయ్యాక తయారైన ఖాస్రా పహాణీలో పట్టా ఎవరిది, దున్నుతున్నది ఎవరు అన్నది పక్కపక్కనే కనబడుతుంది. నక్షాలో చెరువు శిఖం (నీళ్ళు నిలిచే నేల), వాగు, బండ్ల బాట, గ్రామ కంఠం గీతలు గీతలుగా ఉంటాయి. దీనివల్ల ఒరిగేదేమిటని అడిగేవారికి జవాబు ఇక్కడే ఉంది. పై చెరువు అలుగు కింది చెరువుకు ఏ దారిన పోయేదో తెలియకుండా గొలుసుకట్టును బాగుచేయలేం. 2015 మార్చిలో చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ మొదలైంది ఇప్పటి ఈ జిల్లాలోని సదాశివనగర్‌లోనే. శిఖం భూమి ఎంతవరకో చెప్పగలిగేది పాత నక్షాయే, ఉపన్యాసం కాదు.

కాగితం చెప్పనిది మనుషులు చెబుతారు, అడగడం చేతనైతే. ‘ఏ సంవత్సరం?’ అని అడిగితే ముసలమ్మ ‘ఏమో బిడ్డా’ అంటుంది. ‘పోలీసు చర్యకు ముందా, తరవాతనా? కరెంటు రాకముందా? పటేల్ పట్వారీలు పోయినంకనా?’ అని అడిగితే కాలం దానంతట అదే వరసకు వస్తుంది. మొదటిది 1948, చివరిది 1984. తండాకు వెళ్ళి అడగడం మాత్రం మరవొద్దు. ఊరి చరిత్ర రాసేవాళ్ళు తండాలను జనాభా లెక్కలో చేర్చి కథలోంచి తీసేయడం పాత అలవాటు.

ఒక హెచ్చరిక. దగ్గర్లో కౌలాస్ కోట ఉంది. కాపయ నాయకుడు బహమనీ సుల్తానుకు వదులుకున్న కోట అది. 1857 తిరుగుబాటు కాలంలో తిరుగుబాటుదారు రంగారావుతో చేయి కలిపాడని కౌలాస్ రాజా దీప్‌సింగ్‌కు జైలు శిక్ష పడింది. గొప్ప కథే, కాని అది కౌలాస్ కథ. చుట్టుపక్కల ఊళ్ళు దాన్ని అరువు తెచ్చుకుని తమ మొదటి పేజీలో పెట్టుకుంటే సొంత చెరువు, సొంత రేగడి, సొంత వలసలు వెనక్కిపోతాయి. ఊరి పేరును విరిచి కథ అల్లడం కూడా ఈ జబ్బే. పాత పత్రంలో ఆ పేరు ఏ రూపంలో ఉందో దొరికేదాకా ఆ జోలికి పోకపోవడం మంచిది.

తెలంగాణ సాహిత్య అకాడమీ ‘మన ఊరు - మన చరిత్ర’ పేరుతో విద్యార్థుల చేత ఊళ్ళ చరిత్రలు రాయించింది. ఆ దారిలో పెద్ద కొడప్‌గల్ మండలంలోని హైస్కూలు మాస్టార్లకు, పంచాయతీ పెద్దలకు ఒక్క విన్నపం. ఈ ఎండాకాలం సెలవుల్లో పదో తరగతి పిల్లలకు ఊరికో నోటుబుక్కు ఇవ్వండి. నక్షా జిరాక్స్ తీయించండి, రాళ్ళకు ఫొటోలు తీయించండి, ఎనభై దాటినవాళ్ళ మాటలు ఫోన్లలో రికార్డు చేయించండి. రికార్డింగు పని ముందు పెట్టుకోండి, జిరాక్సులు వానాకాలంలో తీసుకున్నా పరవాలేదు.